అయ్యగారి మీద ఏమీ లేదు

మే 3, శనివారం

షాపు మూసే వేళకి మా చర్చి సంఘ కార్యదర్శి వచ్చాడు. కళ్ళద్దాల కాడ వదులైందన్నాడు. చూస్తే స్క్రూ బిగుతుగానే ఉంది. అద్దాల కోసం రాలేదని అప్పుడే అర్థమైంది. ఏ కాగితం కనపడినా సంఘం ముద్ర గుద్దందే ఈయనకి నిద్ర పట్టదు కాబట్టి చాటున మేమంతా స్టాంపు అంటాం. జేబులోంచి ఒక కవరు తీసి కౌంటరు మీద, ఫ్రేముల ట్రే పక్కన పెట్టాడు. దాని మీద మూడు ముద్రలున్నాయి.

"వార్షిక సభలో జిల్లా సూపరింటెండెంటు గారి చేతికే ఇవ్వమ్మా. వచ్చే శనివారం పాస్టర్ల పేర్లు పిలిచేలోపు అందాలి."

"మీరే పోస్టులో పంపొచ్చు కదండీ?"

"నేను పంపితే పాస్టరు అయ్యగారంటే పడక రాశాడనుకుంటారు. నువ్వు అయ్యగారి మనిషివని అందరికీ తెలుసు. నీ చేత్తో ఇస్తే నమ్ముతారు."

అందుకా నన్ను డెలిగేటుగా ఎన్నుకున్నారు! అందరూ చేతులెత్తిన రోజు ఎంత పొంగిపోయానో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది.

కవరు అంటించలేదు, నేను చదవాలనే. చదివాను. "మా పాస్టరు గారు సంఘ సేవలో బుద్ధిపూర్వకమైన నిర్లక్ష్యం చూపుతున్నందున వారిని తప్పించవలసిందిగా..." అంటూ మూడు ఆరోపణలు. కింద పదకొండు సంతకాలు. పన్నెండోదానికి గీత గీసి ఉంచారు. అది నాకు.

ఇంకా పెట్టలేదు. పెట్టకూడదని కాదు. పెన్ను షాపులో మర్చిపోయాను. ఇది పిల్లల పెన్సిలుతో రాస్తున్నాను.

మే 4, ఆదివారం

ఇవాళ ప్రభువు బల్ల. అయ్యగారు అందరికీ రొట్టె ఇచ్చారు. ఆ తర్వాత ద్రాక్షారసం గిన్నెలు ట్రేలో అలాగే ఉండగా చేతులెత్తి ఆశీర్వాదం చెప్పేశారు. మోకాళ్ళ మీద ఉన్నవాళ్ళు లేవాలో వద్దో తెలియక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. స్టాంపు దగ్గాడు. ఇది చూడండి, రాసుకోండి అన్నట్టు ఉంది ఆ దగ్గు.

పాటల బృందంలోంచి మా పెద్దది లేచి వెళ్ళి, ట్రే తీసి అయ్యగారి ఎదురుగా పట్టుకుని నిలబడింది. పన్నెండేళ్ళ పిల్ల. దానికి ఎవరు చెప్పారని? ట్రే కనపడగానే ఆయన అక్షరం పొల్లుపోకుండా గిన్నె ముందు చెప్పే మాటలన్నీ చెప్పారు.

షాపులో ఇలాంటివాళ్ళని రోజూ చూస్తాను. చూపు తగ్గిన పెద్దవాళ్ళు వరసలో కూర్చున్నప్పుడే, ముందువాళ్ళు చదివేది వింటూ అక్షరాల పట్టీ బట్టీ పట్టేస్తారు. కుర్చీలోకి రాగానే గడగడా అప్పజెప్పేస్తారు. నేను ఏమీ అనకుండా పట్టీ మారుస్తాను. అప్పుడు వాళ్ళ ముఖం చూడాలి. అయ్యగారికి ఆరాధన పుస్తకం మొత్తం నోటికి వచ్చు, ముప్ఫై ఎనిమిదేళ్ళ సర్వీసు. పట్టీ ఎవరూ మార్చకపోతే చాలు.

నిర్లక్ష్యం కాదని నాకు తెలుసు. తెలిసి ఏం చేశాను? ఇంటికి వచ్చి బట్టలు నానబెట్టాను.

మే 5, సోమవారం

పిల్లల్ని తీసుకెళ్ళక తప్పదు. వాళ్ళ నాన్న ఓడ మీద వంట చేస్తూ ఏ సముద్రంలో ఉన్నాడో, ఇంకో నాలుగు నెలలకి గాని ఇల్లు చూడడు. ఇంతకు ముందైతే అమ్మగారి దగ్గర వదిలేసేదాన్ని. అయ్యగారి భార్య. ఆవిడ పోయి ఏడు నెలలు.

చిన్నది పుట్టినప్పుడు రెండు నెలలు ఆసుపత్రిలో పడి ఉన్నాను. పెద్దదాన్ని ఆ రెండు నెలలూ పాస్టరు గారింట్లోనే పెట్టుకున్నారు. దానికి జడ వేయడం కోసం అయ్యగారు జడ అల్లడం నేర్చుకున్నారు. సంఘంలో ఆయన్ని ఎంత ఏడిపించారో, అయినా మానలేదు.

కవరు సూట్‌కేసు అడుగున పెట్టాను. తీసి హ్యాండ్‌బ్యాగులో పెట్టాను. మళ్ళీ సూట్‌కేసులో పెట్టాను.

మే 6, మంగళవారం, రైల్లో

నలుగురం ఒకే చోట కూర్చున్నాం. ప్లాట్‌ఫారం మీద "మన బోగీ ఏదమ్మా?" అని అయ్యగారు మూడుసార్లు అడిగారు. నాలుగోసారి అడగబోతూ బైబిలు తెరిచి చూసుకున్నారు. ఆయన ముఖం కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు నేనూ తెరిచాను. లోపల చిన్న చిన్న కాగితాలు. అన్నీ మా పెద్దదాని గుండ్రటి అక్షరాలే. "బోగీ 5, సీటు 31." "చెప్పులు సీటు కింద ఉన్నాయి." "బీపీ మాత్ర వేసుకున్నారు. మళ్ళీ వద్దు."

"ఎప్పట్నుంచే ఇది?"

"అమ్మగారు పోయినప్పట్నుంచి. స్కూలు నుంచి వస్తూ వాళ్ళింటికెళ్ళి రాసి పెడతా."

"పాటల ప్రాక్టీసని చెప్పావు కదే!"

"అది మంగళవారం ఒక్కరోజే. ఆయనే అడిగారమ్మా రాసిపెట్టమని. ఎవరికీ చెప్పొద్దన్నారు. నువ్వు కూడా చెప్పకు."

"చెప్పనులే" అన్నాను. సూట్‌కేసు నా కాళ్ళ కిందే ఉంది.

మే 7, బుధవారం

సభ జరిగేది ఒక పెద్ద స్కూల్లో. సెలవులు కాబట్టి తరగతి గదుల్లో ఇనుప మంచాలు వేశారు. మా గది బోర్డు మీద సగం తుడిచిన లెక్క ఒకటి ఉంది, చిన్నది దాన్ని పూర్తి చేస్తానని కూర్చుంది. దానికింకా ఆరేళ్ళే. రిజిస్ట్రేషను బల్ల దగ్గర నాకు బ్యాడ్జి ఇస్తుంటే తనకీ కావాలని పేచీ పెట్టింది. అక్కడున్నావిడ మంచిది, "అతిథి" అని రాసి దాని గౌనుకి పిన్ను పెట్టింది. అప్పట్నుంచి ఎదురొచ్చిన ప్రతివాళ్ళకీ వందనాలు చెబుతోంది. బిషప్పు గారికి రెండుసార్లు చెప్పింది.

ఫోల్డరులో కార్యక్రమం ఉంది. శుక్రవారం ఉదయం స్మారక ఆరాధన: ఈ ఏడాది చనిపోయిన పాస్టర్లు, పాస్టరమ్మల పేర్లు చదువుతారు. శనివారం శీల పరిశీలన. ఆదివారం నియామకాలు.

శీల పరిశీలన అంటే భయపడాల్సిందేమీ లేదని భోజనాల దగ్గర అయ్యగారే చెప్పారు. ఒక్కొక్క పాస్టరు పేరు పిలుస్తారు. ఆయన లేచి బయటికి వెళతాడు. "ఈయన మీద ఏమైనా ఉందా?" అని బిషప్పు అడుగుతారు. "ఏమీ లేదు" అని సూపరింటెండెంటు అంటారు. సంఘం తరఫున వచ్చిన డెలిగేటు కూడా లేచి "ఏమీ లేదయ్యా" అంటుంది. గంటలో తొంభై మంది అయిపోతారు.

"నా సర్వీసులో 'ఉంది' అనగా ఒక్కసారే విన్నానమ్మా. ఒకాయన కోళ్ళు పెంచాడు. అవి ప్రార్థన వేళకి గుళ్ళోకి వచ్చేసేవి."

పిల్లలు పడీ పడీ నవ్వారు. ఎప్పటి సంగతులో ఎంత చక్కగా చెప్తారో. ఇదంతా నా భ్రమేమో అనిపించింది. పొద్దున తిన్నదేమిటో ఆయన్ని అడుగుదామనుకుని, అడగలేదు.

మే 8, గురువారం

టీ విరామంలో సూపరింటెండెంటు గారు ఒంటరిగా దొరికారు. కవరు బ్యాగులోనే ఉంది. కానీ ఆయన చేతిలో టీ కప్పు, ఇంకో చేతిలో బిస్కెట్టు. ఎలా ఇస్తాం? భోజనాల వేళ చుట్టూ జనం. సాయంత్రం ఆయనకి తలనొప్పని ఎవరో అన్నారు. తలనొప్పి ఉన్న మనిషికి ఇవ్వడం బాగుండదు.

కాలు ఒక చోట నిలవడం లేదు. సభలో కూర్చుంటే పిల్లలు గుర్తొస్తారు, పిల్లల దగ్గరికి వెళితే సభలో ఏమవుతోందోనని ఉంటుంది. పిల్లల కార్యక్రమంలో కాగితం గొర్రెలు చేయిస్తున్నారు. చిన్నది చేసిన గొర్రెకి అయిదు కాళ్ళు. సరిచేయబోతే టీచరు వద్దంది.

అయ్యగారు నా గొంతు విని దూరం నుంచే చేయి ఊపుతారు. ఆ చెయ్యి చూడగానే బ్యాగు జిప్పు లాగి పక్కకి తిరుగుతున్నాను. సంతకం పెట్టలేదు కదా అని సర్దిచెప్పుకుంటున్నాను. సంతకం లేకుండా ఇచ్చినా ఇచ్చినట్టే కదా అని వెంటనే అనిపిస్తోంది.

మే 9, శుక్రవారం

రాయలేను.

మే 10, శనివారం, పొద్దున్నే

పిల్లలు లేవకముందే రాసేస్తాను.

నిన్న స్మారక ఆరాధనకి అయ్యగారు మా ఇద్దరు పిల్లల మధ్య కూర్చున్నారు. "అమ్మగారి పేరు చదివినప్పుడు లేచి నిలబడాలి" అని పెద్దది ముందే కాగితం రాసిచ్చింది. పేరు చదవగానే ఆయన సరిగ్గా లేచారు. కోటు గుండీ పెట్టుకున్నారు. ఏటా సభ మొదటి రోజు పాస్టరమ్మల హాజరు కూడా పిలుస్తారు. రాని భార్య తరఫున భర్త లేచి సంజాయిషీ చెప్పుకోవాలి. అదే అనుకున్నారు ఆయన.

"ఈసారి రాలేదండి" అన్నారు, హాలంతా వినపడేట్టు. "మా సంఘంలో ఒకమ్మాయి డెలిగేటుగా వచ్చింది. ఆ అమ్మాయి పిల్లలిద్దర్నీ ఇంటి దగ్గర చూసుకుంటోంది. సభవారు క్షమించాలి."

మా చిన్నది ఆయన కోటు లాగింది. "మేం ఇక్కడే ఉన్నాం కదా, అయ్యగారూ!"

ఆయన కిందికి చూశారు. దాన్నీ, దాని అక్కనీ చూశారు. అంత పెద్ద మనిషి ముఖం అలా అయిపోతుందని నేననుకోలేదు. కూర్చోవడం కూడా మర్చిపోయి అలాగే నిలబడ్డారు.

హాలంతా ఏడ్చింది. బిషప్పు గారు దిగి వచ్చి కౌగిలించుకున్నారు. దుఃఖం పట్టలేక అలా అన్నారనుకున్నారు అందరూ. "భార్యాభర్తలంటే అలా ఉండాలి" అని ఆడవాళ్ళు ముక్కులు తుడుచుకున్నారు. సాయంత్రం సూపరింటెండెంటు గారే నా దగ్గరికొచ్చి, "ఇంత ప్రేమ ఉన్న మనిషిని చిన్న సంఘంలో ఎందుకమ్మా మగ్గబెట్టడం? ఏడు సంఘాల సర్క్యూటు ఖాళీగా ఉంది. ఆయనకే ఇద్దామనుకుంటున్నా" అన్నారు.

ఏడు సంఘాలు. ఒక ఊరికీ ఇంకో ఊరికీ మధ్య గంట ప్రయాణం. స్కూటరు మీద ఒక్కరే తిరగాలి. పోయిన నెల అయ్యగారు మా వీధి మలుపు దాటిపోయి, పెట్రోలు అయిపోయే దాకా నడుపుతూనే ఉన్నారు. ఎవరో లారీ ఆయన తీసుకొచ్చి దింపాడు. ఆ సంగతి నాకూ, పెద్దదానికీ తప్ప తెలియదు.

"మంచిదండి" అన్నాను సూపరింటెండెంటు గారితో. మంచిదండి అన్నాను!

అదే రోజు, మధ్యాహ్నం

పేర్లు పిలుస్తుంటే నిప్పుల మీద కూర్చున్నట్టు కూర్చున్నాను. లేస్తున్నారు, వెళ్తున్నారు, ఏమీ లేదు, ఏమీ లేదయ్యా. అరవై మంది తర్వాత అయ్యగారి పేరు పిలిచారు. కోటు సర్దుకుని వరండాలోకి వెళ్ళారు. పిల్లలు అక్కడే ఉన్నారు.

"ఈయన మీద ఏమైనా ఉందా?"

"ఏమీ లేదు, బిషప్పు గారూ. పైగా నిన్న మనమంతా చూశాం. ఏడు సంఘాల సర్క్యూటు ఈయనకి అప్పగించాలని మనవి." చప్పట్లు.

"సంఘం తరఫున?"

లేచాను. నోటికి అలవాటైన పాటలా వచ్చేసింది. "ఏమీ లేదయ్యా." ఇక కూర్చోవాలి. కూర్చోలేదు.

"ఏమీ లేదు గానీ... ఆయన్ని స్కూటరెక్కించకండి" అన్నాను.

కొందరు నవ్వారు. బిషప్పు గారు నవ్వలేదు. "ఎందుకమ్మా?"

"దారి మర్చిపోతారు. తిన్నారో లేదో మర్చిపోతారు. నిన్న దుఃఖంతో అనలేదండి ఆ మాట. అమ్మగారు నిజంగానే ఇంట్లో ఉన్నారనుకున్నారు. ఆయన శీలం మీద ఏమీ లేదు. అంత మంచి మనిషిని నేను చూడలేదు. ఒంటరిగా మాత్రం ఉంచకండి."

కవరు బ్యాగులోంచి తీయలేదు. అందులో రాసింది అబద్ధం. కానీ స్టాంపు కోరుకున్నదే జరిగింది కదా. కవరు ఇవ్వలేదని నేను చేతులు దులుపుకోగలనా?

భోజనాల తర్వాత బిషప్పు గారి గదిలోకి అయ్యగారిని పిలిచారు, నన్ను కూడా ఉండమన్నారు. విశ్రాంతి ఇస్తున్నామని, విశ్రాంత పాస్టర్ల హోములో డాక్టరున్నాడని, ఆయనతో చదువుకున్నవాళ్ళు ఇద్దరు అక్కడే ఉన్నారని, నెలాఖరుకి పంపిస్తామని, బిషప్పు గారు ఎంతో నెమ్మదిగా చెప్పారు. అయ్యగారు అన్నీ విన్నారు. ఆ క్షణంలో ఆయన బుర్ర అద్దంలా ఉంది. అదే నా ఖర్మ.

"ఎవరు చెప్పారు మీకు?"

బిషప్పు గారు నా వైపు చూశారు.

"నేనేనండీ" అన్నాను.

అయ్యగారు నా వైపు తిరిగారు. "నువ్వు రెండు నెలలు మంచం మీద ఉన్నప్పుడు, నీకు పిల్లల్ని పెంచే శక్తి లేదని నేనెవరికైనా చెప్పానా, అమ్మా?"

గుమ్మంలో పెద్దది నిలబడి ఉంది, ఆయన బైబిలు పట్టుకుని. అంతా వింది.

మే 11, ఆదివారం

నియామకాలు చదివారు. అయ్యగారి పేరు చివర్న, విశ్రాంతుల వరసలో.

పెద్దది నాతో మాట్లాడటం లేదు. "అక్క సబ్బు ఇమ్మంది" అంటూ చిన్నది ఇద్దరి మధ్యా కబుర్లు మోస్తోంది. "అక్కని అన్నం తినమను" అంటే వెళ్ళి చెప్పి, "నీకనవసరం అంది" అని అదే గొంతుతో తెచ్చింది.

నేను తప్పు చేయలేదు. నేను తప్పు చేయలేదు. ఆ ఏడు ఊళ్ళ దారిలో ఏమైనా అయితే?

తప్పు చేయలేదు కానీ, ముందు ఆయనతో చెప్పి ఉండాల్సింది. నాలుగు రోజులు పక్కనే ఉన్నాను. రైల్లో ఉన్నాను. టీ కప్పులు, తలనొప్పులు లెక్కపెట్టుకున్నాను గాని, ఆయన్ని కూర్చోబెట్టి ఒక్క మాట అనలేదు. అందరికీ చెప్పి ఆయనకే చెప్పలేదు. అదీ నేను చేసింది.

మే 12, సోమవారం, రైల్లో

పొద్దున రైలు కదలగానే అయ్యగారు ఉత్సాహంగా నా వైపు తిరిగారు.

"ఇంతకీ నన్ను ఎక్కడ వేశారమ్మా?"

మొదట ఎగతాళి చేస్తున్నారనుకున్నాను. కాదు. చెప్పాను. ఎవరు చెప్పారని అడిగారు. నేనే అన్నాను. విసురుగా కిటికీ వైపు తిరిగిపోయారు.

గంట తర్వాత మళ్ళీ, "ఇంతకీ ఎక్కడ వేశారు?" మళ్ళీ చెప్పాను. ఈసారి పగలబడి నవ్వారు. "నువ్వా! సభలో నోరు విప్పావా! ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఒక్క డెలిగేటు కూడా 'ఏమీ లేదయ్యా' దాటి మాట్లాడగా వినలేదు నేను." చుట్టుపక్కలవాళ్ళకి కూడా చెప్పారు, మా సంఘం అమ్మాయి గట్టిది అని. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

మూడోసారి అడిగినప్పుడు నా వల్ల కాలేదు. "ఇంకా ఏమీ తేల్చలేదండీ. ఆలోచించి చెప్తామన్నారు" అన్నాను.

"అయితే మన సంఘమే! నాకు తెలుసు" అన్నారు. ముఖం విచ్చుకుంది. సండే స్కూలు గదికి ఏ రంగు వేయించాలో చిన్నదాన్ని అడిగారు. అది ఆకుపచ్చ అంది. ఫోను కోసం జేబులు తడుముకున్నారు, "ఇంట్లో మీ అమ్మగారికి చెప్పాలి, కంగారు పడుతూ ఉంటుంది" అంటూ.

పెద్దది రెండు రోజుల తర్వాత నా ముఖంలోకి చూసింది. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా అని అడిగినట్టు ఉంది. నేను తల దించుకున్నాను. అప్పుడు అది ఆయన పక్కకి జరిగి కూర్చుంది.

"అయ్యగారూ, మన సంఘం కాదు. మీకు విశ్రాంతి ఇచ్చారు. హోములో ఉంటారు, డాక్టరుంటాడు. మీకు గుర్తుండటం లేదని మా అమ్మ చెప్పింది. అమ్మగారు పోయారు, అయ్యగారూ. ఏడు నెలలైంది."

ఆయన చేయి జేబులోనే ఆగిపోయింది.

"నిజమేనమ్మా" అన్నారు. దానితో కాదు, నాతో. "నాకు తెలుస్తూనే ఉంది. భయంగా ఉంది. ఎవరికి చెప్పాలో తెలియక చిన్నపిల్ల చేత కాగితాలు రాయించుకుంటున్నా. నువ్వు చెప్పావా? మంచిపని చేశావు."

కళ్ళు తుడుచుకున్నాను. పెద్దది నాకు నీళ్ళ సీసా అందించింది. ఏమీ అనలేదు గానీ, అందించింది.

అది జరిగి అరగంటైంది. మంచిపని చేశావన్న మాట ఆయనకి ఇప్పుడు గుర్తుందో లేదో తెలియదు. లేదనే అనుకుంటున్నాను. మా స్టేషను ఇంకా రెండు గంటల దూరం. ఎన్నిసార్లు అడుగుతారో, ఏ సారి ఏమంటారో చెప్పలేను. ఒకసారి తిడతారు, ఒకసారి మెచ్చుకుంటారు. రెండూ పడాలి.

ఎదుటి సీట్లో ఆయన కదిలారు. కోటు గుండీ పెట్టుకుని నా వైపు వంగారు. పెద్దది నోరు తెరవబోతే చేత్తో ఆపాను. ఈసారి నేనే చెప్తాను.